మగదుంటే ఉంచండి

కొత్తవలసలో ఏ ఇంట్లో చిన్నజాతి కుక్క ఈనినా పదిరోజులు తిరక్కముందే గుమ్మంలోకి వచ్చే మాట ఒకటే: "మగదుంటే మాకొకటి ఉంచండి." పక్కింటి పిన్నిగారు అడుగుతారు. పాలు పోసే కుర్రాడు అడుగుతాడు. రోజూ రైల్లో విశాఖ వెళ్లొచ్చే ఉద్యోగి అడుగుతాడు. శృంగవరపుకోట నుంచి వియ్యాలవారు ఫోను చేసి మరీ అడుగుతారు. ఆడది కావాలన్నవాళ్లు నాకింతవరకూ తారసపడలేదు. నాలుగు పుడితే వాటిలో మగవెన్నుంటే అన్నీ ఇళ్లకు చేరిపోతాయి. మిగిలినవాటి సంగతి అడగడం మర్యాద కాదన్నట్టు వీధంతా నోరు మూసుకుంటుంది.

నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు కూడా దొరికింది. కళ్లు తెరిచీ తెరవని పిల్లల్ని సంచిలో వేసి తెల్లారకముందే తీసుకెళ్తారు. కోడిమాంసం కొట్ల వెనక్కి, కొత్తగా రాళ్లు పాతిన లేఅవుట్లలోకి, రైలుపట్టాల అవతలికి. వచ్చి కాళ్లు కడుక్కుని కాఫీ తాగుతారు. "ఏటి సేస్తాం మాస్టారూ, ఆడయ్యి ఎవులూ తీస్కోరు. కొట్లకాడ ఒగ్గేసినాం. అక్కడైతే ఏదోటి తిని బతుకుతాయి" అంటారు. పళ్లు రాని పిల్ల కోడిపేగులు తిని బతుకుతుందట! పోనీ ఈ మాట అన్నవాళ్లు దుర్మార్గులా అంటే, కాదు. శనివారం ఒంటిపూట ఉంటారు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి చెప్పుల్లేకుండా నడుస్తారు. గోడవార చీమలబారు కనిపిస్తే పంచదార చల్లుతారు. అందుకే నాకు కోపం మరీ ఎక్కువ. దయ లేనివాణ్ని తిట్టి ఏం లాభం? ఉండి కూడా దాన్ని ఇంటి గేటు దాకా తెచ్చి ఆపేసేవాణ్ని తిట్టాలి.

ఈ చిన్నకుక్కలు మన ప్రాంతానికి వాటంతట అవి నడిచి రాలేదు. కొత్తవలస అంటే కిరండూల్ లైను విడిపోయే జంక్షన్. బైలదిలా కొండల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దిగే దారిలో ఉన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడ కుక్కంటే వీధిది, కాకపోతే తోట కాపలాది. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' వచ్చింది. తెలుగులో 'ప్రేమాలయం'గా ఆడింది. అందులో టఫీ అనే తెల్లబొచ్చు కుక్కని చూసి ఇంటికో 'పమేరియన్' కావాలన్నారు. నిజానికి మనం పమేరియన్ అని పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 2003లో హచ్ ఫోను ప్రకటనలో కుర్రాడి వెంట నడిచిన పగ్‌ని చూశారు, పగ్ కావాలన్నారు. మొహం నొక్కేసినట్టుండే ఆ జాతికి మన ఉక్కపోతలో ఊపిరాడదని, చాలావాటికి మామూలు కాన్పు కాదని ఆ ప్రకటన చెప్పలేదు. ఇప్పుడు విశాఖ అంచు పెందుర్తి దాటి ఇటు పాకింది, అపార్టుమెంట్లతోపాటు షిట్జు కూడా దిగింది. జాతి మారింది గాని కొనేవాళ్ల ఆలోచన మారలేదు. ఏ రంగు, ఎంత బొచ్చు, ఎంత ధర అని అడుగుతారే గాని, ఇది ఆరు నుంచి పది నెలల్లో ఎదకొస్తుంది, అప్పుడేం చేస్తాం అని మాత్రం ఎవరూ అడగరు.

ఆడకుక్క ఇంట్లో ఉన్నవాళ్లకి దారులు రెండు. పిల్లలు కావాలంటే అది పూర్తిగా ఎదిగేదాకా ఆగి, వైద్యుడికి చూపించి, తగిన మగదాన్ని వెతికి, పుట్టబోయేవాటిలో ఆడవాటికి కూడా ముందే ఇళ్లు చూసుకుని అప్పుడు క్రాసింగ్ చేయించడం. వద్దనుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం. మనవాళ్లు మూడోది కనిపెట్టారు. ఏమీ చేయకపోవడం. "ఇంకా చిన్నదే కదా, చూద్దాం." "ఈ పండగ వెళ్లనివ్వండి." "పెద్దబ్బాయి పరీక్షలయ్యాక." ఎదలో ఉన్న మూడు వారాలూ గేటు వేసే ఉంచుతామంటారు. చెత్తబండి ఈల వినపడగానే గేటు తీస్తారు. ఆ కాస్త సందు చాలు. సుమారు 63 రోజులకి మంచం కింద ఈనుతుంది. "ఏం చేస్తామండీ, దేవుడిచ్చాడు" అని తప్పుకుంటారు. దేవుడు ఇవ్వలేదు, మీ గేటు ఇచ్చింది. ఆర్నెల్లకు అటూ ఇటూగా అది మళ్లీ ఎదకొస్తుంది. మళ్లీ చెత్తబండీ వస్తుంది.

ఒక జత కుక్కల వల్ల ఆరేళ్లలో 67 వేల కుక్కలు పుడతాయని కొన్ని పోస్టర్లలో వేస్తారు. ఆ లెక్క నేను నమ్మను. పుట్టిన ప్రతి పిల్లా బతికి, మళ్లీ ఈని, వాటి పిల్లలూ బతికితేగాని అంత అవదు. వీధిలో పడ్డ పిల్లల్లో ఎక్కువ భాగం మొదటి ఏడాది దాటవు. పార్వో వైరస్‌తో రక్తవిరేచనాలయి పోతాయి, లారీ చక్రాల కింద పోతాయి, ఎండకి పోతాయి. అంకె చిన్నదవడానికి కారణం అదీ! 67 వేలు కాలేదని సంతోషించాలా?

ఇక అసలు అడ్డంకి దగ్గరకొస్తాను. "మూగజీవానికి కత్తి పెడితే ఉసురు తగుల్తాది మాస్టారూ. పాపం." ఈ మాట ఏ రాష్ట్రంలో వింటున్నాను? కు.ని. ఆపరేషన్ అంటే పసిపిల్లకి కూడా అర్థం చెప్పనక్కర్లేని రాష్ట్రంలో. 1952లో దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా మొదలుపెట్టింది. మన ఊళ్ల గోడల మీద ఎర్ర త్రికోణాలు గీశారు. మేమిద్దరం మాకిద్దరు అని రాశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లలో నూటికి ఒక్కడు కూడా లేడు. (ఆ మగవాళ్ల సంగతి రాయడానికి ఇంకో వ్యాసం కావాలి.) మీ అమ్మ చేయించుకుంది. మీ అప్ప చేయించుకుంది. రెండో కాన్పవగానే మీ ఆవిణ్ని మీరే తీసుకెళ్లి పడుకోబెట్టారు. అప్పుడు ఎవరి ఉసురూ తగల్లేదు. కుక్క దగ్గరకి వచ్చేసరికి మాత్రం ధర్మశాస్త్రం గుర్తొస్తుంది!

సరే, పాపం లెక్కే వేద్దాం. మత్తులో, నొప్పి తెలియకుండా, గంటలోపు అయిపోయే ఆపరేషన్ ఒక పక్క. తల్లిపాలకి ఏడుస్తూ ఎండలో సంచిలో పోయిన నాలుగు పిల్లలు ఇంకో పక్క. మొదటిది పాపం అన్నవాళ్లు రెండోదాన్ని ఏమంటారో నాకు చెప్పాలి. ఏమీ అనరు. ఎందుకంటే ఆపరేషన్‌కి సంతకం పెట్టాలి, డబ్బు కట్టాలి, సెలవు పెట్టాలి. దాని మీద మన పేరుంటుంది. తెల్లవారుజామున వదిలిపెట్టిన సంచి మీద ఎవరి పేరూ ఉండదు.

"ఒక్క ఈతైనా ఈననివ్వాలి కదండీ, దానికీ ముచ్చట ఉంటుంది" అనేది ఇంకొకటి. ఆరోగ్యానికి కూడా మంచిదని పైన కలుపుతారు. ఒక కాన్పు వల్ల ఆడకుక్క ఆరోగ్యం బాగుపడుతుందని చెప్పే వైద్యశాస్త్రం ఎక్కడా లేదు. ముచ్చట అంటారా, దానికి రుజువుగా చూపించేది ఇది: ఎద తగ్గిన నెలా రెండు నెలలకి కుక్క మూల చూసుకుని గుడ్డలు పోగేస్తుంది, పిల్లాడి మేజోడునో బొమ్మనో పొట్ట కింద దాచుకుంటుంది, ఒక్కోసారి పాలు కూడా వస్తాయి. చూసినవాళ్ల గుండె కరిగిపోతుంది. అది కోరిక కాదు, ఒంట్లో హార్మోన్లు ఆడించే ఆట. కడుపుతో ఉన్నా లేకపోయినా ఎద తర్వాత ఆడకుక్క ఒంట్లో జరిగేది ఇంచుమించు ఒకటే. ప్రొజెస్టిరాన్ పెరిగి రెండు నెలలకి పడిపోతుంది, పాలు పట్టించే ప్రొలాక్టిన్ లేస్తుంది. దాన్ని అబద్ధపు చూలు అంటారు. రెండు మూడు వారాల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. దాన్ని చూసి "అయ్యో, అమ్మ కావాలని ఉంది దీనికి" అని క్రాసింగ్‌కి తీసుకెళ్లే కరుణామయులు, రేపు అది నిజంగా తల్లయ్యాక దాని ముందునుంచే ఆడపిల్లల్ని సంచిలోకి ఎత్తుతారు. అది గేటు దాకా మొరుగుతూ వస్తుంది. తలుపు వేసేస్తారు.

చిన్నజాతి కుక్కకి కాన్పంటే ఏమిటో కూడా చెప్పాలి. దాని పిల్లలు తక్కువ. ఒకటో, రెండో, నాలుగో. ఒక్కటే పడితే అది లోపల పెద్దదిగా పెరుగుతుంది. తల్లి కటి ఇరుకు, పిల్ల తల పెద్దది. అర్ధరాత్రి నొప్పులు మొదలై గంటలు గడిచినా పిల్ల బయటికి రాకపోతే సిజేరియన్ చేయాలి. కొత్తవలసలో ఆ వేళకి ఎవరు చేస్తారు? ముప్పై కిలోమీటర్ల దూరంలోని విశాఖకి ఆటో మాట్లాడుకోవాలి, అక్కడ తలుపు తీసే డాక్టరు దొరకాలి. దొరికినా ఆ రాత్రి అయ్యే ఖర్చు, పాపమని మానేసిన ఆపరేషన్ ఖర్చుకంటే ఎక్కువే. ఈనాక కూడా గండం తప్పదు. పాలిచ్చే మొదటి మూడు నాలుగు వారాల్లో చిన్నకుక్కల రక్తంలో కాల్షియం ఉన్నట్టుండి పడిపోతుంది. రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి, వణుకుతుంది. నరంలోకి కాల్షియం వెంటనే ఎక్కించకపోతే పోతుంది. "ముందునుంచే కాల్షియం మాత్రలు వేస్తున్నాం కదా" అంటారు కొందరు గొప్పగా. చూలుతో ఉండగా అడ్డగోలుగా వేసిన ఆ మాత్రల వల్లే ఒంటికి తన ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు తప్పి, గండం ఇంకా పెరుగుతుంది. మందులకొట్లో అడిగి చేసే వైద్యం ఇలాగే ఉంటుంది.

ఏమీ చేయకుండా గేటు గట్టిగా వేసుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. "మాది ఎప్పుడూ బయటికి పోలేదండి" అని చెప్పుకుంటారు. వాళ్ల కుక్కకి వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టవచ్చు. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఎద తగ్గిన కొన్ని వారాలకి వస్తుంది. తిండి మానేస్తుంది, కుండెడు నీళ్లు తాగుతుంది, పొట్ట ఉబ్బుతుంది. ముసలితనం అనుకుంటారు, ఎండదెబ్బ అనుకుంటారు. చీము బయటికి కారితే కనీసం అనుమానమైనా వస్తుంది. లోపలే బిగిసిపోతే సంచి పగిలిందాకా తెలియదు. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల రికార్డులు తిరగేస్తే, ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో పదేళ్లు నిండేలోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చినట్టు తేలింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి ఆపరేషన్ చేయించే అలవాటు అక్కడ తక్కువ కాబట్టే ఆ లెక్క అంత స్పష్టంగా కనపడింది. రొమ్ముగడ్డల సంగతి కూడా ఉంది. మొదటి ఎదకి ముందే ఆపరేషన్ చేయిస్తే ఆ ముప్పు దాదాపు లేనట్టేనని 1969లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది. ఆ అంకెలు అంత గట్టివి కావని తర్వాతివాళ్లు అన్నారు. అందుకని వాటి మీద నేను ఒట్టు పెట్టను. గర్భసంచి తీసేస్తే గర్భసంచిలో చీము పట్టదన్నదానికి మాత్రం ఏ అధ్యయనమూ అక్కర్లేదు.

ఇంజక్షన్‌తో ఎద ఆపేద్దామని తిరిగేవాళ్లని చూస్తే మరీ మంట. చవక, అయిదు నిమిషాల పని. ఆ ప్రొజెస్టిరాన్ తరహా మందులే గర్భసంచిలో చీముకీ, రొమ్ముగడ్డలకీ దారి తీస్తాయి. ఆపరేషన్ అంటే జాలి పడినవాళ్లే ఈ సూది ఏడాది తర్వాత ఏడాది పొడిపిస్తారు.

ఆపరేషన్‌లో అసలు ఇబ్బందే లేదని నేననను. మత్తు ఎప్పుడూ మత్తే, కాస్త ప్రమాదం ఉంటుంది. తర్వాత ఒళ్లు చేస్తుంది, తిండి తగ్గించాలి. కొన్నిటికి పెద్దయ్యాక మూత్రం చుక్కలు పడుతుంది, అది పెద్దజాతుల్లో ఎక్కువ. తొందరగా చేయిస్తే కీళ్ల బాధలొస్తాయన్న మాట కూడా పెద్దజాతుల గురించే. చిన్నవాటికి ఆరో నెల ప్రాంతంలో, మొదటి ఎదకి ముందు చేయించుకోమని చాలామంది వైద్యులు చెబుతారు. ఎదలో ఉన్నప్పుడు మాత్రం ఆగి, తగ్గాక రెండు మూడు నెలలకి చేయించాలి. కుట్లు మానే పది పన్నెండు రోజులు నాకకుండా మెడకి కోన్ తొడగాలి, నీళ్లు పోయకూడదు. ఇంతే. మా ఇంట్లోది ఆడదే. వారం తిరిగేసరికి మామూలుగా మెట్లెక్కి మేడమీద కాకుల్ని తరుముతోంది. అది బెంగపెట్టుకున్న దాఖలా నాకెక్కడా కనపడలేదు. బెంగంతా చూడ్డానికొచ్చిన చుట్టాలదే.

మగకుక్క యజమాని ఇదంతా చదివి "మనకేం గొడవ లేదు" అనుకుంటుంటాడు. అతని దగ్గరకే వస్తున్నాను. పొద్దున్నే గొలుసు విప్పి "తిరిగొస్తుందిలే" అని వదిలేది అతనే. ఎదవాసన పట్టుకుని అది ఎన్ని వీధులు పోతుందో, ఎక్కడ కరిపించుకుంటుందో, ఎవరి పుణ్యాన ఎక్కడ పిల్లలు పుడతాయో అతనికి పట్టదు. దాని అంగం మీద కాలీఫ్లవర్‌లా గడ్డ లేచి రక్తం కారినప్పుడు కంగారుపడతాడు. అది కలయికలో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డ. వారం వారం సూదిమందు వేయిస్తే చాలావరకు తగ్గుతుంది కూడా. మగదానికి ఆపరేషన్ ఆడదానికన్నా చిన్నది, తేలిక, కడుపు కోయనక్కర్లేదు. అయినా ఆ మాటెత్తితే ఆయన ముఖం చూడాలి, తనకే చేయిస్తామన్నట్టు!

డబ్బుకోసం ఈనించేవాళ్లు వేరు. వాళ్లకి పిల్లలు కావాలి, ఎన్నయినా కావాలి. మగకుక్క గలాయన క్రాసింగ్‌కి డబ్బయినా పుచ్చుకుంటాడు, ఒక పిల్లనైనా పట్టుకుపోతాడు. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నియమాలు పెట్టింది. అమ్మకానికి ఈనించేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కని క్రాసింగ్‌కి పెట్టకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జన్మలో అయిదుకి మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మన దగ్గర నెల తిరక్కుండానే బుట్టలో వేసి ఇచ్చేస్తారు. "చిన్నప్పుడే తెచ్చుకుంటే అలవాటవుతుంది" అని కొన్నాయన కూడా తొందరపడతాడు. పదిరోజులకి రక్తవిరేచనాలతో అది పోతే "మా చెయ్యి మంచిది కాదండి" అని చేతిని తిడతాడు. టీకా వేశారా అని మాత్రం అమ్మినవాణ్ని అడగడు.

చట్టం చదివితే ఏడవాలో నవ్వాలో తెలియదు. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టబట్టి 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఆకలిదప్పులతో బాధపడేలా ఏ జంతువునైనా వదిలేయడం ఆ చట్టంలో నేరమే. శిక్ష? మొదటి తప్పుకి పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయలకు మించకుండా జరిమానా. ఈ రోజుకీ అంతే. సంచిలో నాలుగు పిల్లల్ని వదిలినవాడు పట్టుబడితే కట్టేది, ఆ కొట్లో పావుకిలో కోడి కూడా రాని డబ్బు. అదే కుక్కకి విషం పెట్టి చంపితే కొత్త భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. చేత్తో చంపకుండా ఎండ చేత చంపిస్తే యాభై రూపాయలన్నమాట. మనవాళ్లు ఈ సెక్షన్లు చదవలేదు, అయినా తేడా వాళ్లకి బాగా తెలుసు.

2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కల్నన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పదకొండు రోజులకి దాన్ని సవరించి, ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోని కుక్కల్ని తీసేయాలనీ, తిరిగి అక్కడ వదలొద్దనీ చెప్పింది. మన టీ కొట్ల దగ్గర కూడా దీనిమీద గొంతులు చించుకున్నారు. చంపేయాలని ఒకడు, మూగజీవులని ఇంకొకడు. ఆ ఇద్దరి ఇళ్లలోనూ ఆపరేషన్ కాని కుక్కలున్నాయి. రోడ్డు మీది కుక్కలన్నీ ఇళ్లనుంచే వచ్చాయని నేననను. 2019 పశుగణనలో దేశంలో వీధికుక్కలు కోటీ 53 లక్షలని తేలింది, అవి తరాలుగా ఉన్నవే. కాని తూముకి అడ్డం పెట్టకుండా చెరువు తోడమని మున్సిపాలిటీని తిట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. 2023లో వచ్చిన జంతు సంతాన నియంత్రణ నియమాలు వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలదన్నాయి. అక్కడే, పెంపుడు జంతువుకి పురుగులమందు, టీకా, సంతాన నిరోధక ఆపరేషన్ యజమాని బాధ్యత అని కూడా రాశాయి. మొదటి సగం అందరికీ కంఠతా వచ్చు.

ఇది కుక్కల బాధ మాత్రమే అయితే "మనుషుల బాధలే తీరట్లేదు" అని తోసేయొచ్చు. ఆ మాట కూడా వినేశాను. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది రేబిస్‌తో పోతున్నారని, అందులో మూడో వంతు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కరిపించుకునేవాళ్లలో పదిమందికి నలుగురు పదిహేనేళ్ల లోపు పిల్లలు. కోడికొట్ల వెనక వదిలిన ముద్దుపిల్లని చొక్కాలో పెట్టుకుని ఆడేది ఎవరు? బడిపిల్లలే. చిన్నపిల్లే కదా, గీరితే ఏమవుతుందని ఇంట్లో చెప్పరు. సబ్బుతో పావుగంట కడగరు, సూది వేయించరు. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొట్టమొదట ఆ టీకా వేశాడు. ఆ రోజు పెంపుడు కుక్కలు వరసలో నిలబడతాయి. సంచిలో పోయిన ఆడపిల్లల్ని పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు ఎవరుంటారు?

నా కోపం ఇంత పెరగడానికి అసలు కారణం చెబుతాను. ఆడది ఎందుకొద్దని ఎవరినైనా అడగండి. కాపలాకి పనికిరాదని ఎవరూ అనరు, ఆడదే ఎక్కువ కనిపెట్టుకుని ఉంటుందని ఒప్పుకుంటారు. "ఆరారు నెలలకీ ఎదకొస్తుంది, ఇల్లంతా రక్తపు చుక్కలు, గుమ్మం ముందు పది కుక్కలు, మళ్లీ ఈత, మళ్లీ పిల్లలు... మావల్ల కాదు బాబూ." ఇదీ కారణం. ఇందులో ఒక్కటంటే ఒక్కటి ఆపరేషన్‌తో పోనిది ఉందా? ఎద ఉండదు, రక్తం ఉండదు, గుమ్మం ముందు గుంపు ఉండదు, ఈత ఉండదు. ఏ ఆపరేషన్‌ని పాపమని మానేస్తున్నారో, ఆడపిల్లని ఇంట్లోకి రానిచ్చేది ఆ ఆపరేషనే. తల్లికి అది చేయించకపోవడం వల్ల ఆడపిల్లలు పుడతాయి. ఆడపిల్లకి అది చేయించవచ్చన్న ఆలోచనే లేకపోవడం వల్ల ఎవరూ తీసుకోరు. తీసుకోనివి రోడ్డున పడి, బతికినవి ఎనిమిదో నెలలో ఎదకొచ్చి, అక్కడే ఈనుతాయి. అప్పుడు టీ కొట్టు దగ్గర "ఊళ్లో కుక్కలు ఎక్కువైపోయాయి" అంటారు.

మండలాల్లో ఈ ఆపరేషన్ చేయించుకోవడం తేలిక కాదన్నది నిజమే. ఆవుకి, మేకకి, కోడికి అలవాటుపడ్డ పశువుల ఆసుపత్రిలో చిన్నకుక్క కడుపు కోసే బల్ల, మత్తు సరంజామా, తర్వాత చూసుకునే మనిషి ఉండాలంటే ఎవరో ఒకరు పెట్టాలి. కూలికి పోయేవాడు ఒక రోజు మానుకుని కుక్కని బుట్టలో పెట్టుకుని విశాఖ వెళ్లడు. వాణ్ని నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది కుక్కకి వేలు పోసి, దాని బొచ్చు కత్తిరించడానికి నెలకోసారి కారులో విశాఖ తీసుకెళ్లి, ఈ ఒక్కదానికి మాత్రం తీరిక లేదనేవాళ్లని. విశాఖలో ఈ పని చేసేవాళ్లున్నారు. విశాఖ జంతు సంరక్షణ సంఘం 1996 నుంచి ఉంది. మన విజయనగరం జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. శస్త్రచికిత్స నేర్చుకోవాల్సిన విద్యార్థులు అక్కడున్నారు. చేయించాల్సిన కుక్కలు ఇక్కడున్నాయి. మండలానికి ఏడాదికి రెండు శిబిరాలు పెట్టండని మనం ఎప్పుడైనా ఒక కాగితం రాశామా? కంటి ఆపరేషన్ల శిబిరం బ్యానరు కట్టడానికి పోటీపడే ఊరు మనది. దీనికి పందిరి వేయించేవాడు ఒక్కడు రాడా?

వచ్చే గ్రామసభలో ఈ సంగతి ఎత్తుతాను. కొత్తవలసలో పెంపుడు కుక్కల లెక్క రాయాలని, ఆపరేషన్ శిబిరం పెట్టమని తీర్మానం చేయాలని, వచ్చే డాక్టర్లకి తిండి, బస మనమే చూడాలని. నవ్వుతారు. రోడ్లు, కాలవలు వదిలేసి ఆడకుక్కల గురించా మాస్టారూ అంటారు. నవ్వినవాళ్లలో ఎవరింటి కుక్క ఎన్ని ఈతలు ఈనిందో వీధిలో అందరికీ తెలుసు. మగపిల్లలు ఎవరెవరి ఇళ్లకి వెళ్లాయో కూడా తెలుసు. ఆడవి ఎక్కడున్నాయో ఆ సభలో, పేరుపేరునా, వాళ్లనే చెప్పమంటాను.